రాత్రి లెక్కలోకి రాని ఆడవాళ్ళు

తొలకరి వాన పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలోని జొన్నగిరి వైపు బండ్లు కదులుతాయి. ఆటోలు, తుఫాను జీపులు, బొలేరోలు, వెనక పట్ట కట్టిన టాటా ఏస్‌లు. ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ, గుంతకల్లు వైపు నుంచే కాదు, సరిహద్దు దాటి బళ్ళారి నుంచీ, తెలంగాణ జిల్లాల నుంచీ కూడా జనం వస్తారు. జొన్నగిరి, పగిడిరాయి, పెరవలి చేలల్లో నడుం వంచి, నేలమీద చూపు నిలిపి, వజ్రాల కోసం వెతుకుతారు. ప్రతి ఏడూ పత్రికలు ఈ వార్త రాస్తాయి. 2021లో చిన్నజొన్నగిరి రైతుకి దొరికిన వజ్రాన్ని ఒక వ్యాపారి కోటీ ఇరవై లక్షలకు కొన్నాడన్న వార్త దేశమంతా తిరిగింది. వార్తతో పాటు ఫొటో కూడా వేస్తారు. ఎర్రమట్టి చేలో వరసగా వంగిన వీపులు కనిపిస్తాయి. వాటిలో చాలా వీపులు ఆడవాళ్ళవి. అయితే ఒక ప్రశ్న మాత్రం నేను చదివిన ఏ వార్తలోనూ కనపడలేదు. పగలంతా ఆ చేలల్లో తిరిగిన ఆడవాళ్ళు రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు?

ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. వజ్రం ధరతో పోలిస్తే నిద్ర ఎవరికి పట్టింది? కాని స్త్రీల జీవితాల్లో చిన్న ప్రశ్నలుగా తోసేసినవే చాలాసార్లు అసలు ప్రశ్నలవుతాయని ఉద్యమం మనకి నేర్పింది. వంటింటి పని చిన్న ప్రశ్నే అన్నారు. మరుగుదొడ్డి చిన్న ప్రశ్నే అన్నారు. తాగొచ్చి కొట్టటం ఇంటి గొడవ అన్నారు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించాకే అది రాష్ట్ర సమస్య అయింది. నిద్ర కూడా అలాంటిదే. మనిషి ఎక్కడ, ఎంతసేపు, ఎంత నిశ్చింతగా కళ్ళు మూసుకోగలదు అన్నదానిలో ఆ మనిషికి సమాజం ఇచ్చిన స్థానం మొత్తం బయటపడుతుంది.

జొన్నగిరికి వచ్చేవాళ్ళు ఒక్క పూటకి రారు. వాన పడి, పైమట్టి కొట్టుకుపోయి, మళ్ళీ ఎండ కాసినప్పుడు రాయి మెరుస్తుంది. ఆ పక్కనే ఉన్న వజ్రకరూరు ప్రాంతంలో వజ్రాలు మోసుకొచ్చిన అగ్నిశిలలు ఉన్నాయని భూగర్భ శాస్త్రజ్ఞులు ఎప్పుడో చెప్పారు. ఆ రాళ్ళు యుగాల పాటు శిథిలమై మట్టిలో కలిశాయి. అందుకే వాన కోసం కాచుకుని కూచోవాలి. వారం, పది రోజులు, కొందరు నెల. ఊళ్ళో అద్దెకి గది దొరికేది కొద్దిమందికే. దొరికినా దానికి డబ్బు కావాలి. మిగతావాళ్ళు గుడి అరుగుల మీదా, చెట్ల కిందా, కర్రలకి కట్టిన పట్టల కిందా ఉంటారు. బండి ఉన్నవాళ్ళకి ఆ బండే ఇల్లు. పగలు బియ్యం మూటా, పొయ్యి గిన్నెలూ, జల్లెడా, పారా పెట్టుకునే చోటే రాత్రి పడక అవుతుంది.

ఆ పడకలో కూడా ఒక క్రమం ఉంది. నేను చూసినంతలో అది దాదాపు అన్ని బండ్లలోనూ ఒకటే. పిల్లలు లోపలి చివర. వాళ్ళ పక్కన వయసొచ్చిన ఆడపిల్ల. తలుపు దగ్గర తల్లి. మగవాళ్ళు బయట, బండి కిందనో, పక్కన పట్ట పరుచుకునో. చూడటానికి ఇది ఆడవాళ్ళకి మంచిచోటు ఇచ్చిన ఏర్పాటులాగే ఉంటుంది. కప్పు ఉంది, తడి లేదు, తేలు భయం తక్కువ. కాని తలుపు దగ్గర పడుకున్న ఆ తల్లిని అడగండి. ఎమ్మిగనూరు వైపు నుంచి వచ్చిన ఒకామె నాతో అన్నది: “నిద్ర యాడొస్తాది మేడమ్? కండ్లు మూసుకోనుంటాం, అంతే. యా బండి వచ్చినా, యా లైటు పడినా లేసి కూసుంటా. మా ఆయన బయట గుర్రు పెడ్తాంటాడు.” పక్కనున్న ఆమె ఆడబిడ్డ నవ్వింది. “పగులు రాళ్ళు ఎతుకుతాం, రాత్రి పిల్లని కాస్తాం వదినా” అంది. రెండు పనులూ పనులే. మొదటిదానికి అదృష్టం ఉంటే డబ్బొస్తుంది. రెండోదాన్ని ఎవరూ పని అనరు. తల్లి కదా అంటారు.

అంటే ఆ బండిలో ఆమె నిద్రపోవటం లేదు. కాపలా కాస్తోంది. మగవాడు పగటి శ్రమ నుంచి రాత్రికి విడుదలవుతాడు. ఆమె ఒక శ్రమలోంచి మరొక శ్రమలోకి మారుతుంది. ఇంట్లో వంటా పిల్లలూ రూపంలో ఉన్న ఆ రెండో శ్రమ, ఇల్లు విడిచి వచ్చాక మాయమవలేదు. చీకటిలో మేలుకుని ఉండటమనే కొత్త బరువొకటి దానికి తోడైంది. సామాజిక శాస్త్రంలో మేము శ్రమ విభజన గురించి చాలా రాశాం. పగటిని గంటలుగా విడగొట్టి ఎవరి గంటలు ఎటుపోతున్నాయో లెక్కలు కట్టాం. రాత్రిని మాత్రం అందరికీ సమానంగా దొరికే విశ్రాంతి అన్నట్లు ఖాళీగా వదిలేశాం. ఆ ఖాళీలోనే ఈ తల్లులున్నారు.

నీళ్ళ సంగతి ఇంకొకటి. సాయంత్రం నాలుగు దాటాక నీళ్ళు తాగటం మానేస్తామని చెప్పని ఆడమనిషి అక్కడ నాకు కనపడలేదు. తాగితే రాత్రి బయటికి వెళ్ళాలి. వెళ్ళాలంటే చేలోకి వెళ్ళాలి. చేలో పాముంటుంది, పక్క బండ్లవాళ్ళు ఉంటారు, చేను తమదైన రైతు ఉంటాడు. ఒంటరిగా పోలేదు కనుక ఇంకొకరిని లేపాలి. ఎండలో పొద్దంతా తిరిగిన ఒంటికి నీళ్ళు మానేయటం అంటే మూత్రంలో మంట, నడుం నొప్పి, జ్వరం. బహిష్టు రోజుల్లో బండిలో ఉన్న ఆడపిల్ల పరిస్థితి ఏమిటో మీరే ఊహించుకోండి. గుడ్డ మార్చుకోవటానికి చాటు లేదు, ఉతకటానికి నీళ్ళు లేవు, ఆరేయటానికి చోటు లేదు. ఇవన్నీ అక్కడున్న ఆడవాళ్ళకి ఫిర్యాదులు కూడా కావు. బయటికి వచ్చాక ఇట్లనే ఉంటుంది అనుకుని భరించే విషయాలు.

బండిలో పడుకోవటం ఈ నేలకి కొత్తేమీ కాదు. ఆదోని, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, ఆలూరు వైపు ఊళ్ళలో ఏ ముసలామెని అడిగినా గూడు బండిలో రాత్రిళ్ళు గడిపిన జ్ఞాపకం చెబుతుంది. శ్రావణ మాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి బండ్లు కట్టుకుని పోవటం, అక్కడే వండుకుని అక్కడే పడుకోవటం తరాలుగా ఉంది. ఇప్పుడు ఎద్దుల బండ్ల చోట ట్రాక్టర్లూ జీపులూ వచ్చాయి. ఇక సుగ్గి సంగతి చెప్పనే అక్కరలేదు. వాన మొహం చాటేసిన ఏడు పనుల కోసం ఊరొదిలి పోవటాన్ని ఇక్కడ సుగ్గికి పోవటం అంటారు. పత్తి తీతకీ, గుంటూరు వైపు మిరప కోతలకీ కుటుంబాలకి కుటుంబాలే వాహనాల్లో ఎక్కి వెళ్ళిపోతాయి. ఇళ్ళకి తాళాలు పడతాయి, ముసలివాళ్ళు మిగులుతారు. దారిలో ఒక రాత్రి బండిలో, ఆ తరువాత నెలల తరబడి చేను గట్టున పట్ట కింద.

ఈ మూడు రాత్రుల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఉరుకుందకి పోయిన ఆడమనిషి భక్తురాలు. ఆమె రాత్రికి గౌరవం ఉంది. ఉత్సవాలంటే దీపాలూ, నీళ్ళూ, పోలీసులూ ఉండాలని అందరూ ఒప్పుకుంటారు. సుగ్గికి పోయినామె కూలి మనిషి. ఆమె రాత్రికి గౌరవం లేకపోయినా, చెప్పుకోవటానికి ఒక మేస్త్రీ, ఒక రైతు ఉంటారు. జొన్నగిరి చేలో రాళ్ళు వెతికేామె ఎవరు? భక్తురాలు కాదు, కూలి కాదు, గని కార్మికురాలు కాదు. ఆమెని పిలిచినవాళ్ళు లేరు, కనుక ఆమెకి జవాబు చెప్పాల్సినవాళ్ళూ లేరు. మూడుచోట్లా నిజానికి ఒకే మనిషి ఉండొచ్చు. శ్రావణంలో ఉరుకుందలో, సంక్రాంతి తరువాత గుంటూరు మిరప చేలో, తొలకరికి జొన్నగిరిలో. అదే ఒళ్ళు, అదే అలసట. ఆమె ఎందుకొచ్చిందన్నదాన్ని బట్టి ఆమె నిద్రకి విలువ కట్టటం ఏం న్యాయం?

ఇప్పుడు నగరాల్లో ఇంకొక రకం బండి నిద్ర మొదలైంది. పెద్ద కారు వెనక సీట్లు మడిచి, పరుపు పరిచి, అడవి పక్కనో చెరువు గట్టునో ఒక రాత్రి గడపటం. ఆడవాళ్ళు కూడా స్నేహితులతో కలిసి వెళుతున్నారు. నేను దాన్ని తప్పు పట్టటం లేదు. ఆడవాళ్ళు ఇల్లు కదిలి ఆకాశం కింద పడుకోవాలనుకోవటం మంచి కోరికే. బెంగుళూరులో 2003లో మొదలైన బ్లాంక్ నాయిస్ అనే బృందం ఆడవాళ్ళని పార్కుల్లోకి పిలిచి పట్టపగలు గడ్డిమీద నిద్రపొమ్మంది. భయం లేకుండా బహిరంగ స్థలంలో కళ్ళు మూసుకోవటమే ఒక హక్కు ప్రకటన అని వాళ్ళ వాదన. ఆ వాదన సరైనదే. కాని విహారానికి వెళ్ళిన కారుకీ జొన్నగిరి బొలేరోకీ తేడా బండిలో లేదు. నచ్చకపోతే తెల్లారేలోపు ఇంటికి తిరిగిపోయే వీలు ఉండటంలో ఉంది. చెయ్యి చాస్తే డబ్బిచ్చి కొనుక్కోగలిగిన స్నానాల గదిలో ఉంది. పోలీసు టార్చి వేస్తే “ఏమండీ” అని పలకరిస్తాడా, “ఏయ్” అంటాడా అన్నదానిలో ఉంది.

డబ్బున్న దేశాల్లో కూడా ఈ తేడా ఉంది. అమెరికాలో వయసు మళ్ళిన ఆడవాళ్ళు అద్దెలు కట్టలేక వ్యానుల్లో కాపురముంటూ, దుంప కోతలకీ, గిడ్డంగుల్లో సామాన్ల పనికీ ఊరూరా తిరగటం గురించి జెస్సికా బ్రూడర్ 2017లో ‘నొమాడ్‌లాండ్’ అనే పుస్తకం రాసింది. అది సినిమాగా వచ్చి బహుమతులు కూడా అందుకుంది. ఆ ఆడవాళ్ళు మన సుగ్గి ఆడవాళ్ళకి అక్కచెల్లెళ్ళే. అంతకు ముందు, 1930లలో, కరువుకి భూములు పోయిన కుటుంబాలు పాత కార్లలో పిల్లల్నీ పరుపుల్నీ వేసుకుని కాలిఫోర్నియా పొలాల వైపు పోయాయి. కార్లలోనే పడుకున్నాయి. అప్పుడు అక్కడి కేంద్ర ప్రభుత్వం 1936లో ఆర్విన్ దగ్గర ఒక మకాం కట్టింది. స్నానాల గదులు, మరుగుదొడ్లు, ఉతుక్కునే చోటు ఏర్పాటు చేసింది. మకాం నడపటానికి అక్కడున్నవాళ్ళే ఎన్నుకున్న కమిటీలు పనిచేశాయి. “మీరెందుకొచ్చారు, మీ ఊళ్ళో ఉండొచ్చు కదా” అని అడిగేవాళ్ళు అక్కడా లేకపోలేదు. అయినా వచ్చిన మనిషికి రాత్రి గడవాలి అన్న మాట ఒక ప్రభుత్వానికి అర్థమైంది.

మన చట్టాలకి అర్థమైందా? 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్ళని రాత్రి 7 నుంచి ఉదయం 6 వరకు గని పైభాగంలో కూడా పనికి పెట్టకూడదని చెప్పింది. ఆడవాళ్ళకి వేరుగా మరుగుదొడ్లు కట్టాలని కూడా అదే చట్టం చెప్పింది. 2019లో రాత్రి నిషేధాన్ని షరతులతో సడలించారు. జొన్నగిరి దగ్గరే ఇప్పుడు ఒక ప్రైవేటు కంపెనీ బంగారు గని చేపట్టింది. ఆ గని కంచె లోపల ఉన్న ఆడమనిషి మరుగుదొడ్డి గురించి చట్టం మాట్లాడుతుంది. కంచె బయట అదే మట్టిలో వజ్రం వెతుకుతున్న ఆడమనిషి గురించి మాట్లాడదు. వలస కార్మికుల కోసం 1979లో వచ్చిన చట్టం రాష్ట్రం దాటినవాళ్ళకే వర్తించేది. దాని స్థానంలో తెచ్చిన 2020 నాటి కోడ్‌లోనూ నిర్వచనం అంతర్రాష్ట్ర వలస కార్మికులకే ఇచ్చారు. ఆదోని నుంచి గుంటూరు పోయినామె సరిహద్దు దాటలేదు, కనుక ఆమె ప్రయాణం ప్రయాణం కాదు. 2010లో సుప్రీం కోర్టు జోక్యం తరువాత లక్ష జనాభాకి ఒక రాత్రి ఆశ్రయం ఉండాలన్న ప్రమాణం వచ్చింది. అది నగరాలకి. నెలకి వేలమంది వచ్చిపోయే పల్లెకి అలాంటి ప్రమాణమేదీ లేదు.

అయినా ఒక తీర్పు మనకి ఆధారంగా ఉంది. 2011 జూన్ 4 అర్ధరాత్రి ఢిల్లీ రాంలీలా మైదానంలో నిద్రపోతున్న నిరసనకారుల మీద పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో పడ్డారు. తీవ్రంగా గాయపడిన ఒక స్త్రీ ఆ తరువాత చనిపోయింది. ఆ కేసులో 2012 ఫిబ్రవరిలో తీర్పు చెబుతూ సుప్రీం కోర్టు, నిద్ర మనిషికి ప్రాథమిక అవసరమనీ, రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో అది భాగమనీ గుర్తించింది. ఈ మాటని మనం రాజకీయ సభలకే వదిలేయకూడదు. జొన్నగిరి బండి తలుపు దగ్గర మేలుకుని కూచున్న తల్లికి కూడా 21వ అధికరణం వర్తిస్తుంది.

ఇక్కడ కొందరు మిత్రులు అంటారు: అంత ఇబ్బందైతే ఆడవాళ్ళెందుకు రావాలి? మగవాళ్ళు వచ్చి వెతుక్కుపోవచ్చు కదా? ఈ మాటలో ప్రేమ ఉన్నట్లే ఉంటుంది. కాని దీని వెనక ఉన్నది పాత సూత్రమే. రాత్రి బయట ఉన్న ఆడది ఆ రాత్రికి తానే జవాబుదారీ. 1978లో హైదరాబాదులో రమీజాబీ భర్తతో కలిసి రెండో ఆట సినిమా చూసి తిరిగివస్తూ పోలీసుల చేతిలో పడింది. ఆమె మీద అత్యాచారం జరిగింది, ఆమె భర్త కొట్టిన దెబ్బలకి చనిపోయాడు. తరువాత వ్యవస్థ అంతా కలిసి చర్చించింది ఆమె శీలాన్ని. ఆ రోజుల నుంచి ఈ సూత్రంతో మనం పోట్లాడుతూనే ఉన్నాం. ఆడవాళ్ళని రావద్దనటం సమస్యకి పరిష్కారం కాదు, సమస్యని ఇంట్లోకి తోసి తలుపేయటం. పైగా ఇంట్లో ఉంటే ఎవరు తిండి పెడతారు? వానలు లేక, అప్పు తీరక, వేరుశనగ పంట చేతికి రాక బయల్దేరినవాళ్ళే ఇక్కడికి వచ్చినవాళ్ళలో ఎక్కువ. ఒకామె నాతో అన్న మాట: “రాయి దొరుకుతాదని కాదు మేడమ్. ఇంటికాడ కూసుంటే దొరకదని మాత్రం తెల్సు.”

జొన్నగిరికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఎర్రగుడి గుట్టమీద అశోకుడి శాసనాలున్నాయి. క్రీస్తుపూర్వం 3వ శతాబ్ది నాటివి. పద్నాలుగు శిలాశాసనాలూ అక్కడ చెక్కించాడు. వాటిలో రెండోది బాటల వెంట బావులు తవ్వించి, చెట్లు నాటించి, మనుషులకీ పశువులకీ వైద్య సదుపాయం కల్పించిన సంగతి చెబుతుంది. దారినపోయే మనిషి బాధ్యత పాలకుడిదని ఈ నేలమీదే రెండువేల రెండువందల ఏళ్ళ కిందట రాతిలో రాశారన్నమాట. అదే గుట్టమీద తొమ్మిదో శాసనం కూడా ఉంది. జబ్బులప్పుడూ పెళ్ళిళ్ళప్పుడూ ప్రయాణాలప్పుడూ జనం తంతులు చేస్తారనీ, ముఖ్యంగా ఆడవాళ్ళు పనికిరాని తంతులు చాలా చేస్తారనీ అందులో విసుక్కున్నాడు. బావి తవ్వించిన చక్రవర్తికి, ప్రయాణమంటే ఆడవాళ్ళకి ఎందుకంత భయమో అడగాలని తోచలేదు. ఈనాటి అధికారులకి మొదటి శాసనంలోని బాధ్యత లేదు, రెండోదానిలోని విసుగు మాత్రం మిగిలింది.

ఇంకొక అభ్యంతరం అధికారుల నుంచి వస్తుంది. ఖనిజాలు ప్రభుత్వానివి, ఈ వెతుకులాటకి అనుమతి లేదు, వసతులు కల్పిస్తే ప్రోత్సహించినట్లవుతుంది. ఈ వాదన నిజాయితీగా ఉండాలంటే అది వజ్రం దొరికిన మరుక్షణం కూడా వినపడాలి. దొరికిన రాయి గంటల్లో వ్యాపారి చేతికి పోతుంది. వ్యాపారుల మనుషులు ఆ కాలమంతా ఊళ్ళలోనే ఉంటారన్నది అందరికీ తెలిసిన సంగతి. కొనుగోలు దగ్గర కళ్ళు మూసుకున్నవాళ్ళకి మరుగుదొడ్డి దగ్గర మాత్రం చట్టం గుర్తొస్తుందా? రాయి దొరికింది ఆడమనిషికైనా ధర మాట్లాడేది ఇంటి మగవాడే. డబ్బు చేతికి తీసుకునేదీ అతడే. పగటి వెతుకులాటలో, రాత్రి కాపలాలో ఉన్న మనిషి బేరం దగ్గర ఉండదు.

రైతుల అభ్యంతరం వేరు. దాన్ని కొట్టిపారేయటానికి లేదు. విత్తనం వేసిన చేలో వందలమంది తొక్కితే నష్టపోయేది రైతే. రాత్రి మూత్రానికి చేలోకి వస్తే తిట్టేదీ అతడే. కాని ఈ తగాదా కూడా చోటు లేకపోవటం వల్ల వచ్చినదే. బండ్లు నిలిపే జాగా, పడుకునే జాగా, మరుగుదొడ్డి ఊరికి ఒక పక్కన ఉంటే చేనుకి చేను మిగులుతుంది, మనిషికి మనిషి మిగులుతుంది. రైతు ఇంటి ఆడవాళ్ళకీ వెతకటానికి వచ్చిన ఆడవాళ్ళకీ మధ్య శత్రుత్వం ఉండాల్సిన అవసరం లేదు. మరో ఏడు వాన రాకపోతే ఆ రైతు ఇంటామె కూడా సుగ్గి బండి ఎక్కాల్సిందే.

ఇక ‘రక్షణ’ అనే మాట గురించి. ఈ విషయం అధికారుల ముందు పెడితే మొదట వచ్చే జవాబు గస్తీ. మరో ఇద్దరు పోలీసుల్ని పెడతాం, రాత్రి పది దాటాక ఎవరూ బయట ఉండకూడదని చెబుతాం అంటారు. ఆ మాట చివరికి ఎటు పోతుందో మనకి తెలుసు. బండ్లని తరిమేస్తారు. తరిమేసిన బండి మరో రెండు కిలోమీటర్లు పోయి, దీపం లేనిచోట, మనుషులు లేనిచోట ఆగుతుంది. అక్కడ ఆ తల్లికి అంతకు ముందు దొరికిన పాటి కునుకు కూడా ఉండదు. మనకి కావలసినది ఆడవాళ్ళని కాచే కళ్ళు కాదు. ఆడవాళ్ళు తమ కళ్ళు తాము మూసుకోగలిగిన చోటు. రక్షణ అనేది పైనుంచి ఇచ్చేది, ఇష్టం లేనప్పుడు తీసుకునేది. వసతి హక్కుగా అడిగేది. ఈ రెంటి మధ్య తేడాని మన సంఘాలు వదులుకోకూడదు.

అడగవలసినవి పెద్దవేమీ కాదు. ఈ జనం ఏ నెలలో వస్తారో తెలుసు. ఏ ఊళ్ళకి వస్తారో తెలుసు. వేసవి సెలవుల్లో ఖాళీగా ఉండే పాఠశాల గదుల్ని, బళ్ళు తెరిచాక కూడా సాయంత్రం నుంచి తెల్లవారే దాకా వరండాల్ని, ఆడవాళ్ళకీ పిల్లలకీ ఇవ్వొచ్చు. జాతరలకి తెచ్చే కదిలే మరుగుదొడ్లని ఈ మూడు నెలలూ ఇక్కడ నిలపొచ్చు. ఒక నీళ్ళ ట్యాంకరు, రెండు దీపపు స్తంభాలు, బండ్లు నిలిపే ఒక చదునైన జాగా. ఆశా కార్యకర్త వారానికోసారి వచ్చిపోవటం. ఇవన్నీ నడిపే కమిటీలో ఊరి ఆడవాళ్ళూ, వచ్చిన ఆడవాళ్ళూ ఉండాలి. సుగ్గికి పోయేవాళ్ళ విషయంలోనూ ఇంతే. మిరప రైతుతో మేస్త్రీ చేసుకునే ఒప్పందంలో కూలి రేటుతో పాటు పడుకునే చోటూ, మరుగుదొడ్డీ ఒక షరతుగా ఉండాలి. పగటి కూలి గురించి బేరమాడేవాళ్ళు రాత్రి గురించి బేరమాడకపోవటానికి కారణం, ఆ బేరంలో ఆడవాళ్ళు కూచోకపోవటమే.

చివరగా మన సంఘాల గురించి ఒక మాట. రాత్రి ఆడవాళ్ళ మీద ఏదైనా జరిగితే మనం పరిగెత్తుకుంటూ పోతాం. నిజనిర్ధారణ కమిటీ వేస్తాం, నివేదిక రాస్తాం. అది చెయ్యాల్సిందే. కాని ఏమీ జరగని రాత్రి గురించి మన దగ్గర నివేదిక లేదు. ఏమీ జరగకుండా ఉండటానికి తెల్లవార్లూ మేలుకున్న ఆడమనిషికి జరిగింది ఏమిటి? ఆమె ఒంట్లోంచి పోయిన నిద్ర, మానేసిన నీళ్ళు, మర్నాడు చేలో తూలిన కాళ్ళు ఏ పోలీసు స్టేషనులోనూ నమోదు కావు. హింస జరిగినప్పుడే స్త్రీ రాత్రి మన కంటపడటమంటే, మనమూ ఆమె రాత్రిని మగవాడి చర్యతోనే కొలుస్తున్నామని అర్థం. వచ్చే తొలకరికి జొన్నగిరి, పగిడిరాయి వైపు వెళ్ళే మన కార్యకర్తలు ఎన్ని వజ్రాలు దొరికాయని అడగక్కరలేదు, ఆ లెక్క పత్రికలు చూసుకుంటాయి. ఒక్కొక్క బండి దగ్గరా ఆగి, నిన్న రాత్రి ఎంతసేపు నిద్రపోయావమ్మా అని అడిగి, వచ్చిన జవాబుల్ని ఊరి పేరుతో, తేదీతో రాసుకుని, ఆ కాగితాన్ని కలెక్టరు చేతికి ఇచ్చి రావాలి.